ఏమీ తోచట్లేదా? ఫోన్ తీసే ముందు ఒక్క పావుగంట ఆగి చూడండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేనల్లుడు వసారాలో మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. ఇంజనీరింగ్ రెండో ఏడాది. ఇంటి నిండా చుట్టాలు, పెరట్లో ఆడవాళ్ల కబుర్లు, వీధిలో గాలిపటాల దగ్గర పిల్లల గొడవ. నేను పక్కనే కూర్చుని వాడి బొటనవేలినే చూస్తూ ఉండిపోయాను. ఒక రీల్ మూడు సెకన్లు, ఇంకోటి రెండు సెకన్లు, వంట వీడియో ఒకటి వస్తే అందులో నూనె కాగే లోపే పైకి తోసేశాడు. ఇన్‌స్టా మూసి యూట్యూబ్ షార్ట్స్, అక్కణ్ణుంచి వాట్సాప్ స్టేటస్‌లు, మళ్లీ ఇన్‌స్టా. ఓ పావుగంట ఇలా గడిచాక ఫోన్ గుండెల మీద బోర్లా పెట్టుకుని, పైన వాసాల కేసి చూస్తూ "ఏంటో మావయ్యా, తెగ బోర్ కొడుతోంది" అన్నాడు.

"ఇంతమంది ఉండగా బోరేంట్రా" అని వాళ్లమ్మ అప్పటికే రెండుసార్లు కసిరింది. నాకు మాత్రం కసరబుద్ధి కాలేదు. వాడి ఇప్పటి వయసు కంటే మూడేళ్లు పెద్దయ్యాక, అమీర్‌పేట హాస్టల్లో కోర్సు పూర్తి చేసి ఇంటర్వ్యూ కాల్స్ కోసం ఎదురుచూస్తూ నేను ఏడు నెలలు ఇలాగే మంచం మీద గడిపాను. రాత్రి పడుకునేటప్పుడు ఇవాళ ఏం చూశానా అని గుర్తు చేసుకుంటే ఒక్కటీ గుర్తొచ్చేది కాదు, కళ్లు మాత్రం మండేవి. అందులోంచి బయటపడటానికి నాకు పనికొచ్చినవి, తర్వాత చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇరవై ఏళ్ల వాళ్లని ఉద్దేశించి రాసినా, ఇంట్లో అలాంటి పిల్లలున్న పెద్దవాళ్లు కూడా చివరిదాకా చదవండి, వాళ్లకీ ఒక పని ఉంది.

అసలు బోర్ అంటే ఏంటి

మనం అన్నింటికీ బోర్ అనేస్తున్నాం గానీ పాత తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి విసుగు. చేస్తున్న పని సాగదీస్తుంటే వచ్చేది, బ్యాంకు క్యూలో నిలబడితే వచ్చేది. రెండోది ఏమీ తోచకపోవడం. చేయడానికి టైముంది, ఏదైనా చేయాలనీ ఉంది, కానీ ఏది చేయాలో లోపల్నుంచి తట్టదు. కెనడాలో జాన్ ఈస్ట్‌వుడ్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు 2012లో బోర్‌డమ్‌ని దాదాపు ఇలాగే వివరించారు: మనసుకు నచ్చే పనిలో పడాలని ఉండీ పడలేకపోవడం, ఆ పడలేకపోవడం బాధగా ఉండటం.

ఇందులో "ఉండీ" అన్న మాట గట్టిగా పట్టుకోండి. బద్ధకస్తుడికి ఏమీ చేయాలని ఉండదు, హాయిగా పడుకుంటాడు. బోర్ కొట్టేవాడికి చేయాలని ఉంటుంది, అందుకే పడుకున్నా హాయి ఉండదు. ఇంట్లో వాళ్లు "బద్ధకం" అన్నప్పుడల్లా మా మేనల్లుడి మొహం ముడుచుకుపోయేది ఇందుకే. వాడి బాధకు వాళ్లు తప్పు పేరు పెడుతున్నారు.

మనకో సామెత ఉంది కదా, "ఏమీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్లిందట" అని. తోటికోడలి పుట్టింట్లో ఆవిడకి చుట్టరికమూ లేదు, చేసే పనీ లేదు. అక్కడ జరిగే ముచ్చట్లేవీ ఆవిడవి కావు. కాసేపు కూర్చుని, కాఫీ తాగి, వెళ్లినప్పటికంటే ఇంకాస్త వెలితిగా తిరిగొస్తుంది. రీల్స్ తెరవడం అచ్చం అదే. ఎవరో తెలియనావిడ సీమంతం, ఎవరిదో బాలి ట్రిప్పు, ఎవరిదో కొత్త ఫ్లాటు గృహప్రవేశం. గంటలో రెండు వందల తోటికోడళ్ల పుట్టిళ్లు తిరిగొస్తున్నాం.

మన పిల్లలకే ఎందుకింత ఎక్కువ

ఫోన్‌దే తప్పంతా అంటే సగమే నిజం. ఆ సగం ముందు చెబుతాను.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చేదాకా ఒక్క జీబీ డేటాకి రెండు వందల పైచిలుకు పెట్టి నెలంతా పొదుపుగా వాడుకున్నవాళ్లం మనం. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధిస్తే, కొద్ది రోజులకే జూలైలో ఇన్‌స్టా రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ మొదలయ్యాయి. అది లాక్‌డౌన్ ఏడాది. ఆన్‌లైన్ క్లాసుల పేరుతో పిల్లల చేతికి సొంత ఫోన్లు వచ్చిందీ అప్పుడే. ఇప్పుడు ఇరవై దగ్గరపడ్డ వాళ్లు అప్పటికి హైస్కూల్లో ఉన్నారు. అంటే ఖాళీ సమయాన్ని ఏం చేసుకోవాలో ఎవరికివారు నేర్చుకునే వయసులోనే ఆ ఖాళీ మొత్తాన్ని బొటనవేలు తినేసింది.

అది వదలకపోవడానికి కారణం పేకాట ఆడినవాళ్లకి బాగా తెలుసు. ప్రతి ముక్కా మంచిదే వస్తే ఆట చప్పగా ఉంటుంది, ఒక్కటీ రాకపోతే లేచిపోతాం. ఎప్పుడొస్తుందో తెలియకుండా మధ్యమధ్యలో వచ్చే జోకర్ కోసమే "ఇంకొక్క ఆట" అంటూ తెల్లార్లూ కూర్చుంటాం. పది రీల్స్‌లో ఎనిమిది చెత్తే. తొమ్మిదోది నవ్విస్తుందేమో అన్న ఆశ వేలిని ఆగనివ్వదు.

టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు 1,200 మందికి పైగా మనుషులతో చేసిన ఏడు ప్రయోగాలను 2024లో ప్రచురించారు. వాటిలో ఒకదాంట్లో కొందరికి పది నిమిషాలపాటు ఒకే వీడియో చూపించారు, ఇంకోసారి ఐదేసి నిమిషాల వీడియోలు ఏడు ఇచ్చి అదే పది నిమిషాల్లో ఇష్టమొచ్చినట్టు మార్చుకోండన్నారు. మార్చుకుంటే బోర్ తగ్గుతుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే మార్చుకుంటూ చూసినప్పుడే ఎక్కువ బోర్ కొట్టింది. కారణం మనకు తెలిసిందే, దేనిలోనూ కుదురుగా దిగలేదు. బోర్ కొట్టి స్కిప్ చేస్తున్నాం అనుకుంటాం, స్కిప్ చేయడం వల్ల కూడా బోర్ పెరుగుతోంది.

ఇక రెండో సగం, దీని గురించి మనవాళ్లు అస్సలు మాట్లాడరు. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో చదివిన పిల్లల్ని అడగండి, రోజెలా నడిచేదో చెబుతారు. తెల్లవారుజామున బెల్లు, స్టడీ అవర్, టిఫిన్‌కి బెల్లు, క్లాసు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పడుకోవడానికి కూడా బెల్లే. ఆదివారం పొద్దున టెస్టు. పదిహేను పదిహేడేళ్ల మధ్య, ఈ గంటలో నేనేం చేయాలి అని సొంతంగా నిర్ణయించుకునే అవకాశం ఒక్కసారి కూడా రాని పిల్లలు లక్షల్లో ఉన్నారు మన రెండు రాష్ట్రాల్లో. ఇంటికొస్తే "నువ్వు చదువుకో, పనులు మేం చూసుకుంటాం" అంటారు. ప్రేమతోనే అంటారు. అలా పెరిగిన పిల్లాణ్ణి ఇంజనీరింగ్‌లో వదిలేస్తే సాయంత్రం నాలుగింటికి కాలేజీ బస్సు దిగాక పడుకునేదాకా ఆరు గంటలుంటాయి, బెల్లు కొట్టేవాడు ఉండడు. ఈత నేర్పకుండా చెరువులో దింపి మునుగుతున్నావేంటని తిడుతున్నాం. ఇది పిల్లల తప్పని నేనెప్పుడూ ఒప్పుకోను.

ఆడపిల్లలది ఇంకో కష్టం. మగపిల్లాడు ఏమీ తోచకపోతే టీ కొట్టు దగ్గరికో గ్రౌండ్‌కో పోతాడు. చీకటి పడ్డాక గేటు దాటొద్దన్న ఇంట్లో పెరిగిన అమ్మాయికి మిగిలేది ఫోనూ, డాబా. ఆ అమ్మాయికి "బయటికెళ్లి ఆడుకో" అని సలహా చెప్పి ఉపయోగం లేదు, ముందు ఇంట్లో వాళ్లతో మాట్లాడాలి.

ఏం చేయాలి: ముందు పావుగంట

ఇది అన్నింటికంటే ముఖ్యం, కాస్త కష్టం కూడా. బోర్ కొట్టిన వెంటనే ఫోన్ తీయకుండా పావుగంట ఖాళీగా కూర్చోండి. ధ్యానం కాదు, కళ్లు మూసుకోనక్కర్లేదు. డాబా మీదో మెట్ల మీదో కూర్చోండి, ఫోన్ వేరే గదిలో ఉంచండి, చేతిలో ఒక కాగితం, పెన్ను.

మొదటి మూడు నాలుగు నిమిషాలు చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. తర్వాత అసలు ఇబ్బంది మొదలవుతుంది, వద్దనుకున్నవన్నీ ఒక్కొక్కటే పైకొస్తాయి. బ్యాక్‌లాగ్ సబ్జెక్టు, రిప్లై ఇవ్వని ఫ్రెండ్ మెసేజ్, నాన్న దగ్గర అప్పుగా తీసుకున్న ఫీజు డబ్బులు. మనం ఫోన్‌లోకి పారిపోయేది వీటి నుంచే. ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోవద్దు. 2014లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు మనుషుల్ని ఒక ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టారు. కావాలంటే నొక్కి చిన్న కరెంట్ షాక్ తెచ్చుకునే బటన్ తప్ప గదిలో ఇంకేమీ లేదు. ఈ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్లే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ బటన్ నొక్కుకున్నారు. ఊరికే కూర్చోవడం అంత కష్టం.

కానీ లేవకండి. నాకైతే ఏడెనిమిది నిమిషాలు దాటాక ఏదో ఒక చిన్న విషయం తోచేది. "సైకిల్ చైన్‌కి నూనె వేయాలి." "అత్తయ్యకి ఒంట్లో బాలేదన్నారు, ఒకసారి ఫోన్ చేయాలి." "ఆ రెండో యూనిట్ ఎక్కడ వదిలేశానో చూడాలి." గొప్ప ఆలోచనలేవీ రావు, ఇలాంటివే వస్తాయి. కాగితం మీద రాసుకోండి, అందులో అన్నింటికంటే చిన్నది లేచి చేసేయండి. మొదటి రోజు ఏమీ తోచకపోయినా పర్లేదు, రేపు మళ్లీ కూర్చోండి. వారం పది రోజులు చేస్తే తోచడం అనేది తిరిగి అలవాటవుతుంది. నా హాస్టల్ రోజుల్లో టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు పక్కన రోజూ సాయంత్రం కూర్చునేవాణ్ణి, పన్నెండో రోజో పదమూడో రోజో అక్కడే, కాల్స్ కోసం చూసే బదులు ఒక చిన్న ప్రాజెక్టు సొంతంగా కట్టుకుందాం అనిపించింది.

ఏ బోరో కనుక్కోండి

"చదువు బోర్" అనే వాళ్లని కాస్త తవ్వి అడిగితే నూటికి ఎనభై మంది దగ్గర "అర్థం కావట్లేదు" అనే బయటికొస్తుందని నా నమ్మకం. సైకాలజిస్టు మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ 1970ల నుంచీ చెప్పింది ఏంటంటే, పని మన సత్తా కంటే మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే టెన్షన్, రెండూ సరిపడినప్పుడే మనం అందులో మునిగిపోతాం. నా అనుభవంలో ఆ టెన్షన్ కూడా చాలాసార్లు బోర్ అన్న ముసుగులోనే వస్తుంది. అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే బోర్ అనడం తేలిక కదా.

కాబట్టి ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నాకు మరీ వచ్చేసిందా, అసలు రావట్లేదా? వచ్చేసిందయితే కష్టం పెంచండి, క్రికెట్‌లో రోజూ మీ వీధి బౌలర్‌నే ఆడుతుంటే పక్క ఊరి టీముతో మ్యాచ్ పెట్టుకున్నట్టు. రావట్లేదయితే సిగ్గుపడకుండా వెనక్కి వెళ్లండి. డేటా స్ట్రక్చర్స్ క్లాసు బోర్ కొడుతోందంటే మూడో రోజు పాయింటర్ల దగ్గర దారం తెగిపోయి ఉంటుంది, ఆ మూడో రోజు పాఠానికే వెళ్లాలి. ఇంకో రెండు రకాలున్నాయి. నిద్ర చాలక వచ్చేది, దానికి నిద్రే మందు. మనుషులు లేక వచ్చేది, దాని గురించి కింద చెబుతాను.

ఫోన్ విషయం

యాప్‌లు డిలీట్ చేయమని చెప్పను. నేను నాలుగుసార్లు చేశాను, మూడో రోజుకల్లా మళ్లీ ఎక్కించుకున్నాను. అంతకంటే ఇవి నయం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఇన్‌స్టాకి రోజుకి అరగంట అని టైమర్ పెట్టండి, ఐఫోన్‌లో అదే పని స్క్రీన్ టైమ్‌లో ఉంటుంది. స్క్రీన్‌ని గ్రేస్కేల్‌కి మార్చండి, రంగులు పోయి బూడిద రంగులో కనబడితే రీల్స్ ఎంత చప్పగా ఉంటాయో మీకే తెలుస్తుంది. ఛార్జర్‌ని తలగడ పక్కనుంచి తీసి హాల్లో పెట్టండి, అలారం కోసం వంద రూపాయల గడియారం కొనుక్కోండి.

ఇవన్నీ చేయలేకపోయినా ఒక్క నియమం పెట్టుకోండి. ఏది చూసినా పూర్తిగా చూడాలి. సినిమా అయితే సినిమా, ఒక మంచి ఇంటర్వ్యూ అయితే ఇంటర్వ్యూ, మధ్యలో ముందుకి జరపకుండా. నచ్చకపోతే ఆపేసి లేవండి, ఇంకోదానికి మారకండి.

చేత్తో చేసే పని

ఆ కనుమ రోజు సాయంత్రం మా నాన్న పాత పట్టె మంచానికి నవారు అల్లడం మొదలుపెట్టారు. నవారు విప్పి, ఉతికి, ఆరేసి చుట్ట చుట్టి ఉంచారు. దానికి రెండో మనిషి కావాలి, ఒకళ్లు దూర్చి ఇస్తే ఇంకొకళ్లు లాగి బిగపట్టాలి. "ఒరేయ్, ఇటు రా, ఈ కొస పట్టుకో" అని మేనల్లుణ్ణి పిలిచారు. వాడు ఒక చేత్తో నవారు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. నిలువు వరసలు అయిపోయి, అడ్డం వరసలు ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి దూర్చుకుంటూ సగం దాకా వచ్చాక చూస్తే ఒక పక్కంతా వదులు. నాన్న ఏమీ అనలేదు. నాలుగు వరసలు విప్పేసి మళ్లీ మొదలుపెట్టారు. వాడు ఒక్క క్షణం అలా చూసి, ఫోన్ తీసుకెళ్లి కిటికీలో పెట్టి వచ్చాడు. కాలు పట్టెకి తన్నిపెట్టి రెండు చేతులతో లాగుతుంటే వాడి వేళ్లు ఎర్రబడ్డాయి. గంటన్నర పట్టింది. అయ్యాక దాని మీద ఎగిరి కూర్చుని, అరచేత్తో తట్టి చూసుకున్నాడు, డప్పులా మోగింది.

మర్నాడు పొద్దున మళ్లీ ఫోనే, అబద్ధం చెప్పను. కానీ ఆ గంటన్నరలో ఏం జరిగిందో గమనించండి. పని కంటికి కనబడుతోంది, తప్పు చేస్తే వెంటనే వదులుగా తెలుస్తోంది, దానికి ఒక ముగింపు ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా వాడు లేకపోతే అది జరగదు. మీరు ఎంచుకునే పనిలో ఈ నాలుగింట్లో కనీసం మూడు ఉండేలా చూసుకోండి. మిక్సీ పాడైతే యూట్యూబ్‌లో చూసి ప్లగ్ పీకి, విప్పి చూడటం, వారానికోసారి ఇంటిల్లిపాదికీ మీరే పప్పుచారు పెట్టడం, కుండీల్లో తోటకూర వేయడం, ఏదైనా సరే. కొత్తగా ఏదైనా మొదలుపెడితే రెండో వారంలో మోజు తగ్గిపోతుంది, అందరికీ తగ్గుతుంది. ఆ వారం దాటేదాకా మానకండి.

మనుషుల్లోకి వెళ్లండి

మీ కోసం ఎవరైనా ఎదురుచూసే ఒక చోటు కావాలి వారంలో. సాయంత్రం వాలీబాల్‌కి మీరు రాకపోతే ఒకడు తక్కువవ్వాలి. పక్కింటి ఆరో తరగతి పిల్లకి లెక్కలు చెబితే ఆరింటికి ఆ పిల్ల పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడాలి.

ఏదీ లేకపోతే లైబ్రరీకి పోండి. మనందరి ఇంటి పన్నులోనే గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, వాడుకునేది తక్కువ. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో మొదలైంది, వేటపాలెం సారస్వత నికేతనం 1918లో. జిల్లా కేంద్ర గ్రంథాలయాలకి ఇప్పుడు ఎక్కువగా పోటీ పరీక్షల వాళ్లే వస్తున్నారు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ గదిలో ఒంటరిగా కూర్చునే బదులు, అదే ఎదురుచూపుల్లో ఉన్న నలుగురి మధ్య కూర్చుంటే చదువూ సాగుతుంది, మధ్యలో టీకి తోడూ దొరుకుతుంది.

బోర్ కానిది

రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేకపోతే, ఒకప్పుడు ఇష్టమైనవి కూడా రుచించకపోతే, నిద్ర, తిండి తారుమారైతే, బతకడం ఎందుకు అనిపిస్తుంటే, అది బోర్ కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. దానికి పైన చెప్పిన చిట్కాలు చాలవు. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి 14416 నంబర్‌లో ఫోన్ చేయండి, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దగ్గర్లో సైకియాట్రిస్టు ఉంటే కలవండి. ఇంట్లో చెప్పడం కష్టంగా ఉంటే ముందు ఒక ఫ్రెండ్‌కి చెప్పండి.

అమ్మానాన్నలకి

"ఖాళీగా కూర్చున్నావేంటి" అనకండి, ఖాళీగా కూర్చోమని పైన నేనే చెప్పాను. "పోయి ఏదైనా పని చేసుకో" అనీ అనకండి, ఏ పనో తోచకే కదా వాళ్ల బాధ. నిజంగా మీకు అవసరమైన పని ఒకటి పూర్తిగా వాళ్లకి అప్పజెప్పండి. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బామ్మని నెలనెలా బీపీ చెకప్‌కి తీసుకెళ్లడం, ఇల్లు సున్నం వేయిస్తుంటే మేస్త్రీతో బేరం దగ్గర్నుంచి లెక్కల దాకా. అప్పజెప్పాక వెనకాలే నిలబడొద్దు. గ్యాస్ బుక్ చేయడం మర్చిపోతే ఆ రెండు రోజులూ ఇండక్షన్ స్టవ్ మీద వండుకోండి, వాళ్ల బదులు మీరు బుక్ చేయొద్దు. మా నాన్న ఆ నాలుగు వరసలూ మాట్లాడకుండా విప్పినట్టు, తిట్టకుండా ఊరుకోండి. మూడో నెల వాళ్లే గుర్తుపెట్టుకుని చేస్తారు.